కారులోని ఎర్రదీపం, గుడ్డకప్పు

పొందూరు పేరు వినగానే మనకు సన్నఖద్దరు జ్ఞాపకం వస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, వడికి, అక్కడివారు తీసే నూలు నూరవ నంబరు వరకూ ఉంటుంది. నూరవ నంబరు అంటే ఏమిటి? 840 గజాల పొడవుగల నూలును ఒక చిలప అంటారు. ఒక పౌను బరువుకు అట్టి చిలపలు ఎన్ని తూగితే, అదే ఆ నూలు నంబరు. నూరు చిలపలు తూగినచో 84,000 గజాలు; అనగా సుమారు 77 కిలోమీటర్ల దారం అరకిలోకంటె తక్కువ బరువులో ఇమిడి ఉన్నదన్నమాట!

పొందూరులో ఖద్దరే కాదు, రైలుస్టేషను కూడా ఉన్నది. 1890 దశకంలో ఈస్టుకోస్టు స్టేట్ రైల్వేవారు మన తీరం వెంబడి కటకం వైపు వేసిన దారిమీద, విజయనగరం నుండి శ్రీకాకుళం రోడ్డుకు పోయేటప్పుడు అది తగులుతుంది.

నేతగుడ్డకూ, రైలు సిగ్నలుకూ మోటారుకారుతో సంబంధమేమిటని విద్యార్థులు అడుగవచ్చు. కారు నడిపేవాని ఎదుట వెలిగే హెచ్చరిక దీపాల రంగులు రైలుదారి నేర్పిన భాషలోనివే. కొన్ని కార్లకు ఉండే మడతకప్పు నేతగాని విద్యనుండి పుట్టినదే. ఈ రెండింటి చరిత్రా తెలిసికొన్నవానికి వాటిని వాడుకొనే విధానం వేరుగా బట్టీపట్టనవసరం లేదు.

బురదపలక

కారులో మీటలూ, ముళ్ళూ, దీపాలూ అమర్చిన పలకను డాష్‌బోర్డు అంటారు. ఈ పేరు మోటారుకారు కంటె పాతది. గుర్రపుబండి పరుగెత్తేటప్పుడు గిట్టల తాకిడికి బురద ఎగిరి, తోలేవాని మీద పడకుండా ముందు ఒక చెక్కపలకగాని, తోలుపలకగాని అడ్డు పెట్టేవారు. దాని పేరే అది. 1886లో జర్మనీ దేశంలో కార్ల్ బెంజ్ తన మూడుచక్రాల మోటారుబండికి పేటెంటు పొందిన తరువాత గుర్రం తొలగిపోయినది. పలక మాత్రం నిలిచిపోయినది.

గుర్రం అలసిపోతే తోలేవానికి తెలుస్తుంది. నురుగు కక్కుతుంది, అడుగు తడబడుతుంది. ఇంజనుకు అట్టి లక్షణాలు లేవు. లోపల నూనె ఇంకిపోయినా, నీరు మరిగిపోయినా, విరిగేదాకా పరుగెత్తుతూనే ఉంటుంది. అందుచేత దాని ఆరోగ్యాన్ని తెలిపే సాధనాలు కావలసివచ్చినవి. 1910 దశకంలో రేడియేటరు మూతమీద బిగించే ఉష్ణమాపకం వచ్చినది. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో చేరిన తరువాత, బ్యాటరీ సంగతి చూపే మాపకం కూడా అవసరమైనది. నూనె పీడనానికి ఒకటి, విద్యుత్ ప్రవాహానికి ఒకటి, ఉష్ణోగ్రతకు ఒకటి—పలకనిండా ముళ్ళు నిండినవి.

ఐతే ముల్లును చూచి అర్థం చేసికొనుటకు కొంత చదువు కావాలి. దారి మీదినుండి చూపు మరల్చాలి. 1930 దశకంలో అమెరికాలోని హడ్సన్ కంపెనీ కొన్ని మాపకాలను తీసివేసి, వాటి స్థానంలో చిన్న దీపాలు పెట్టినది. తెలిసిన చోదకులు వీటిని మూఢుల దీపాలని ఎగతాళి చేశారు. ముల్లు మెల్లగా దిగజారుతూ ముందుగానే కబురు చెబుతుంది. దీపమో, ముంచుకొచ్చిన తరువాతగాని వెలగదు అని వారి వాదం. ఈ వాదంలో నిజం లేకపోలేదు. కాని వెలిగిన దీపం కంట పడినంత త్వరగా, తగ్గిన ముల్లు కంట పడదు. అందువలన దీపమే నెగ్గినది.

దీపం వెలిగే ఉపాయం

నూనె దీపాన్ని తీసికొందాం. ఇంజనులో నూనె ప్రవహించే దారిలో ఒక చిన్న మీట ఉంటుంది. దానిలో పలుచని పొర, వెనుక ఒక స్ప్రింగు. నూనెకు పీడనం లేనప్పుడు స్ప్రింగు నెట్టి ఉంచడం వలన విద్యుత్ వలయం మూసికొని దీపం వెలుగుతుంది. ఇంజను తిరిగి పీడనం పుట్టగానే, నూనె ఆ పొరను వెనుకకు త్రోస్తుంది. వలయం తెగి దీపం ఆరిపోతుంది.

బ్యాటరీ దీపం ఇంకా చమత్కారమైనది. పూర్వపు కార్లలో దానికి ఒక కొనన బ్యాటరీ, రెండవ కొనన డైనమో ఉండేవి. డైనమో సరిగా పనిచేస్తున్నప్పుడు రెండు కొనలయందు పొటెన్షియల్ సమానం. భేదం లేనిచోట ప్రవాహం లేదు. కనుక దీపం వెలగదు. డైనమో చెడిపోతే భేదం ఏర్పడి దీపం వెలుగుతుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చు. రెండు టార్చి సెల్లుల ఋణధ్రువాలను కలిపి, ధనధ్రువాల మధ్య చిన్న బల్బు పెట్టండి. వెలగదు. ఒక సెల్లును తీసి, ఆ స్థానంలో తీగముక్క పెట్టండి. వెలుగుతుంది.

రైలుదారి నేర్పిన పాఠం

ఇక రంగుల మాట. ఇంగ్లండులో తొలినాటి రైళ్ళకు ఎరుపు ప్రమాదానికీ, ఆకుపచ్చ జాగ్రత్తకూ, తెలుపు దారి నిరపాయమనడానికీ గుర్తులు. ఇందులో ఒక పెద్ద లోపం ఉన్నది. రాత్రివేళ సిగ్నలుదీపం ముందున్న ఎర్ర అద్దం పగిలి రాలిపోతే ఏమవుతుంది? లోపలి దీపం తెల్లగా కనిపిస్తుంది. ‘ఆగు’ అనవలసిన సిగ్నలు ‘రా’ అని పిలుస్తుంది! ఊరి దీపాన్ని చూచి సిగ్నలని భ్రమపడే ప్రమాదం కూడా ఉన్నది. అందుచేత 19వ శతాబ్ది చివర తెలుపును విడిచి, నిరపాయానికి ఆకుపచ్చను స్థిరపరచారు. తరువాత జాగ్రత్తకు పసుపు వచ్చినది.

కారుదీపాలు ఈ భాషనే స్వీకరించినవి. ఎరుపు వెలిగితే క్షేమమైన చోట వెంటనే ఆగాలి. నూనె, ఉష్ణోగ్రత, బ్రేకు, బ్యాటరీ దీపాలు సాధారణంగా ఈ జాతివి. పసుపు వెలిగితే బండి నడుస్తుంది గాని త్వరలో చూపించాలి. ఆకుపచ్చ, నీలం రంగులు కేవలం సమాచారానికి. నీలం అంటే ముందు లైట్లు దూరపు వెలుగులో ఉన్నవని అర్థం. ఏ దేశపు భాష వచ్చినవానికైనా తెలియాలని, నూనెడబ్బా, బ్యాటరీ పెట్టె వంటి బొమ్మలను అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఐఎస్ఓ 2575 అనే ప్రమాణంలో చేర్చినది.

పగిలిన ఎర్ర అద్దం నేర్పిన పాఠం కారులో మరొక చోట కనిపిస్తుంది. బల్బే మాడిపోతే? నూనె లేకపోయినా దీపం వెలగదు. చోదకుడు అంతా బాగున్నదనుకొంటాడు. అందుకే తాళం తిప్పగానే హెచ్చరిక దీపాలు ఒకసారి వెలిగి, ఇంజను కదిలిన కొద్ది క్షణాలలో ఆరిపోయేటట్లు అమర్చారు. అది అలంకారం కాదు, హాజరుపట్టీ. వెలగవలసినప్పుడు వెలగని దీపం, ఆరవలసినప్పుడు ఆరని దీపమంత ప్రమాదకరం. నూనె పీడనం లేని ఇంజను కొద్ది నిమిషాలలోనే లోహానికి లోహం రాసికొని పట్టుకుపోతుంది. ‘ఊరు వచ్చేసినది గదా, ఇంటికి పోయి చూద్దాం’ అనుకొన్నవాడు ఒక డబ్బా నూనెతో పోయేదానికి ఇంజనునే మూల్యంగా చెల్లిస్తాడు.

నేడు దీపాల వెనుక కంప్యూటరు ఉన్నది. పొగలోని కాలుష్యాన్ని అదుపులో ఉంచుటకు, ఇంజను తన్ను తాను పరీక్షించుకొనే పద్ధతి అమెరికాలో 1996 నమూనా కార్లనుండి తప్పనిసరి అయినది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. ఇంజను బొమ్మతో పసుపుదీపం నిలకడగా వెలిగితే త్వరలో మెకానిక్కుకు చూపాలి. మిణుకుమిణుకుమంటే వేగం తగ్గించి, వీలైనచోట ఆపాలి. మండని పెట్రోలు పొగగొట్టంలోని శుద్ధి పరికరాన్ని కాల్చివేస్తున్నదేమో.

గుడ్డకప్పు

మన గూడుబండికి వెదురుబద్దల గూడు ఉండేది. అది మడవడానికి రాదు. మడిచే కప్పును మనం రిక్షాకు చూస్తాము. వంచిన కమ్మెలు ఒకచోట కీలుమీద తిరుగుతాయి, వాటిమీద గుడ్డ. వాన వస్తే లాగుకొంటాము, వెలిస్తే వెనుకకు తోస్తాము. కారు మడతకప్పు సూత్రం ఇంతే. తొలినాటి కార్లలో చాలావాటికి ఇదే కప్పు. 1908లో వచ్చిన ఫోర్డు టీ నమూనాకు కూడా గుడ్డటాపే ఎక్కువ వాడుక. 1920 దశకంలో అన్నివైపులా మూసిన కార్లు చౌకై, గుడ్డకప్పు అవసరం నుండి వేడుకగా మారినది. మన దేశంలో మాత్రం కాన్వాసు టాపు జీపు చాలాకాలం నిలిచినది. టాపు లేని జీపు ఎక్కి చేతులు జోడించే ఎన్నికల ఊరేగింపు చూడనివారెవరు? 2020లో మహీంద్రావారి కొత్త థార్ కూడా మడతకప్పుతో లభించినది.

గుడ్డ వాననెట్లా ఆపుతుంది? పొందూరు సన్నఖద్దరు గాలి ఆడడానికి నేసినది. కప్పుకు కావలసినది దానికి సరిగా వ్యతిరేకం. లావునూలును పురిపెట్టి దట్టంగా నేస్తే కాన్వాసు. నూలుపోగు తడిసినప్పుడు ఉబ్బుతుంది, సందులు ఇరుకవుతాయి, నీటి తలతన్యత మిగిలినదాన్ని అడ్డుతుంది. తడిసిన గుడారాన్ని లోపలినుండి వ్రేలితో తాకితే అక్కడ కారడం మనకు అనుభవమే. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. నేటి మంచి కప్పులు కూడా పైన ఒక నేత, మధ్య రబ్బరు, క్రింద ఒక నేత అనే మూడు పొరలవే.

వేగంగా పోయేటప్పుడు గుడ్డకప్పు బుడగవలె పైకి ఉబ్బుతుంది. పైన పరుగెత్తే గాలి పీడనం తక్కువ, లోపల నిశ్చలంగా ఉన్న గాలి పీడనం ఎక్కువ. ద్రవాల విషయంలో 1738లో డేనియల్ బెర్నూలీ వివరించిన సంబంధమే ఇది. కనుకనే ముందు అద్దం వద్ద కొక్కెం గట్టిగా పట్టి ఉండాలి.

1939లో ప్లిమత్ కంపెనీ యంత్రబలంతో కదిలే కప్పును తెచ్చినది. నేటి కార్లలో మోటారు ఒకటి నూనెను ఒత్తితే గొట్టాలలోని ముషలకాలు కమ్మెలను లేపుతాయి. కొక్కెం వీడినదా, వెనుకపెట్టె మూత తెరచినదా అని చిన్న మీటలు వరుసగా సాక్ష్యం చెప్పినగాని తరువాతి అడుగు పడదు. నడుమ ఆగిపోతే సాధారణంగా కారణం ఒక సాక్షి లోపమే. సామాను అడ్డమో, బ్యాటరీ నీరసమో.

వాడేవాడు పాటించవలసినవి స్వల్పం. సమతలమైన చోట ఆపాలి. అద్దాలు దించాలి. కప్పు మడిచే చోట సామాను తీయాలి. కీళ్ళ దగ్గర పిల్లల వేళ్ళు లేకుండా చూడాలి. తడిసిన కప్పును మడిచి ఉంచరాదు. తడిబట్ట మూటగట్టినట్లే బూజు పట్టి చివికిపోతుంది. కప్పు పూర్తిగా బిగిసి, డాష్‌బోర్డు మీద దాని గుర్తు ఆరినదాకా బయలుదేరరాదు.

గుడ్డకప్పు కథ చివరకు దీపం వద్దకే వచ్చినది, చూచారా! కప్పు మన తలకు కాపు, దీపం ఇంజనుకు కాపు. పగిలిన అద్దంనుండి రైలువారు నేర్చుకొన్నదే మనమూ గుర్తుంచుకోవాలి: హెచ్చరిక కనిపించనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. చెప్పవలసినది చెప్పగల స్థితిలో ఉన్నదా అని ముందు చూచుకోవాలి. ఈసారి కారో, బస్సో ఎక్కినప్పుడు తాళం తిప్పే క్షణంలో ఆ పలకను గమనించండి. దీపాలన్నీ హాజరు పలుకుతాయి.