మాస్లో నిచ్చెన కింద స్త్రీల మాటలు

బి.ఎడ్. పుస్తకంలోనో, డి.ఎస్సీ. మెటీరియల్లోనో, ఎం.బి.ఎ. క్లాసులోనో మాస్లో పేరు తగలనివాళ్ళు మనలో తక్కువ. అయిదు అంతస్తుల త్రిభుజం ఒకటి గీసి, అడుగున ఆకలిదప్పులు, ఆపైన భద్రత, ఆపైన ప్రేమ, గౌరవం, కొసన ఆత్మప్రస్తావన అని రాసి బట్టీ పట్టిస్తారు. (కొన్ని పుస్తకాలు ‘ఆత్మసాక్షాత్కారం’ అంటాయి. అది వినగానే నాకు హిమాలయాలు గుర్తొస్తాయి. ‘ఆత్మప్రస్తావన’ మంచి అనువాదమని అనను గానీ, తన ప్రస్తావన తాను తెచ్చుకోవడమే తప్పని నేర్చుకుంటూ పెరిగిన ఆడవాళ్ళకి ఆ మాటలో ఇంకో అర్థం కూడా వినిపిస్తుంది.) తెలుగు స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఈ త్రిభుజం నాకు అడుగడుగునా అడ్డొచ్చేది. సెమినార్లో ఎవరో ఒకరు లేచి “ముందు కూడూ గుడ్డా, తర్వాత కదమ్మా అస్తిత్వం” అనేవారు. ఈ వరసను ఎవరు ఎక్కడ కట్టారో చూద్దామని వెనక్కి వెళ్తే నాకు కనబడింది స్త్రీలే.

ముందు ఆ బొమ్మ సంగతి. త్రిభుజం మాస్లో గీసింది కాదు. 1943లో ‘సైకలాజికల్ రివ్యూ’లో వచ్చిన వ్యాసంలో గానీ, 1954 నాటి ‘మోటివేషన్ అండ్ పర్సనాలిటీ’ పుస్తకంలో గానీ అది లేదు. 1960 ప్రాంతంలో మేనేజ్‌మెంట్ రచయితలు, ఉద్యోగుల చేత ఉత్సాహంగా పనిచేయించడం ఎలాగో చెప్తూ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. తన వరస అంత బిగుతైనది కాదనే మాస్లో రాశాడు. సగటు మనిషికి శరీరావసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, ఆత్మప్రస్తావన 10 శాతం తీరుతుండవచ్చని ఉదాహరణకి కొన్ని అంకెలు కూడా ఊహించి చెప్పాడు. కింది గది నిండితేనే పై గది తలుపు తెరుచుకుంటుందన్నది తర్వాతివాళ్ళు కట్టిన మాట.

ఇక స్త్రీల సంగతి. మాస్లో మొదట కోతుల మీద పనిచేశాడు. విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో దగ్గర 1934లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఏ కోతి ఏ కోతి మీద పెత్తనం చేస్తుందన్నది ఆయన విషయం. అక్కడి నుంచి న్యూయార్క్ వచ్చాక, 1930ల చివరలో, అదే ప్రశ్నను మనుషులకి వేశాడు. ఆ మనుషులు దాదాపు అందరూ స్త్రీలే. 1939లో అచ్చయిన వ్యాసం సుమారు 130 మంది స్త్రీలతో, కొద్దిమంది పురుషులతో జరిపిన సుదీర్ఘ సంభాషణల మీద ఆధారపడింది. ఎక్కువమంది కాలేజీ చదువున్న మధ్యతరగతి యువతులు. తమ మీద తమకున్న నమ్మకం గురించి, సిగ్గు గురించి, పడకగది గురించి ఆ రోజుల్లో ఒక పరాయి మగవాడితో నోరు విప్పి మాట్లాడారు. ‘ఆధిక్య భావన’ అని ఆయన మొదట పిలిచినదే కొద్దికాలానికి ‘ఆత్మగౌరవం’ అయింది. 1942 వ్యాసానికి శీర్షికలోనే రెండు మాటలూ ఉన్నాయి. మరుసటి ఏడాది అదే ఆత్మగౌరవం నాలుగో మెట్టయింది. అయితే ఆ మెట్టెక్కినప్పుడు మాట్లాడిన ఆడవాళ్ళు కనిపించరు, ‘మానవుడు’ ఒక్కడే మిగిలాడు. సాహిత్య చరిత్రలో మనం ఎన్నిసార్లు చూశాం ఈ పని!

అయిదో మెట్టుకీ ఒక స్త్రీ ఉంది. తన గురువులైన ఇద్దరు, మాక్స్ వర్థైమర్, రూత్ బెనెడిక్ట్, మిగతావాళ్ళకంటే ఎందుకింత వేరుగా ఉన్నారని అబ్బురపడుతూ రాసుకున్న నోట్సే ఆ ఆలోచనకి విత్తనమని మాస్లో తర్వాత చెప్పుకున్నాడు. ‘సెల్ఫ్ యాక్చువలైజేషన్’ అన్న మాట మాత్రం కర్ట్ గోల్డ్‌స్టైన్ దగ్గర తీసుకున్నాడు. పరిపూర్ణ వ్యక్తిత్వానికి నమూనాగా నిలిచిన ఈ బెనెడిక్ట్‌కి కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏం దక్కింది? ఫ్రాంజ్ బోయాస్ పదవీ విరమణ చేశాక శాఖాధ్యక్ష పదవి రాల్ఫ్ లింటన్‌కి వెళ్ళింది. ఆమెకి పూర్తి ప్రొఫెసర్ హోదా 1948లో వచ్చింది, ఆ సెప్టెంబరులోనే ఆమె చనిపోయింది. నాలుగో మెట్టు ఇవ్వని చోటే ఆమె అయిదో మెట్టు మీద నిలబడిందన్నమాట.

1963లో బెట్టీ ఫ్రీడన్ ‘ది ఫెమినిన్ మిస్టిక్’లో మాస్లోని పట్టుకొచ్చింది. ఫ్రీడన్ స్వయంగా మనస్తత్వశాస్త్రం చదివిన మనిషి. ఆ పాత ‘ఆధిక్య’ వ్యాసాన్ని బయటికి తీసి, సొంత వ్యక్తిత్వం ఉన్న స్త్రీలే ప్రేమలోనూ సుఖపడ్డారని దాన్నిబట్టి వాదించింది. ఇల్లాలిని కింది మెట్ల దగ్గరే ఆపేశారన్నది ఆమె ఫిర్యాదు. మాస్లో చూపిన ప్రసిద్ధుల్లో లింకన్, జెఫర్సన్, ఐన్‌స్టీన్‌ల పక్కన స్త్రీలు ఎలినార్ రూజ్వెల్ట్, జేన్ ఆడమ్స్ ఇద్దరేనని కూడా గుర్తించింది. కానీ నిచ్చెనను ప్రశ్నించలేదు, ఎక్కనివ్వమంది. తెల్ల మధ్యతరగతి స్త్రీ ఆ నిచ్చెనెక్కి ఉద్యోగానికి వెళ్తే ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారని 1984లో బెల్ హుక్స్ అడగాల్సి వచ్చింది. నాకు హుక్స్ ప్రశ్నే పెద్దదనిపిస్తుంది. ఒకరి కింది మెట్లన్నీ ఇంకొకరి చేతిపని. వండి, ఉతికి, చంటిబిడ్డని జోకొట్టి ‘శరీరావసరాలు’ తీర్చే మనిషి ఆ బొమ్మలో ఏ అంతస్తులో ఉంటుంది?

ఈ చరిత్రలో నాకు బాగా దగ్గరైన మనిషి షార్లెట్ బ్యూలర్. 1893లో బెర్లిన్‌లో పుట్టింది. వియన్నాలో యువతీయువకుల డైరీలు సేకరించి, వాటినే శాస్త్రానికి ఆధారంగా నిలబెట్టింది. 1922లో ఒక అమ్మాయి డైరీని పుస్తకంగా వేసింది. తర్వాత జీవితచరిత్రలు చదివి, మనిషి జీవితం మొత్తాన్నీ ఒక గమనంగా చూడాలంటూ 1933లో పెద్ద గ్రంథం రాసింది. 1938లో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించినప్పుడు ఆమె విదేశంలో ఉంది, భర్త కార్ల్‌ని అరెస్టు చేశారు. చివరికి అమెరికా చేరారు గానీ వియన్నాలో ఉన్న స్థాయి అక్కడ ఇద్దరికీ దొరకలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఆమె ఒక ప్రభుత్వాసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసింది. మాస్లో, రోజర్స్‌లతో కలిసి మానవతావాద మనస్తత్వశాస్త్రాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆమె ఒకరు, 1965-66లో ఆ సంఘానికి అధ్యక్షురాలు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమెకి ఒక పేరా కూడా నేను చూడలేదు.

బ్యూలర్ మెట్లు కట్టలేదు. అవసరాలు తీర్చుకోవడం, పరిస్థితులకి తనను తాను కుదించుకుని సర్దుకోవడం, సృజనతో విస్తరించడం, లోపల ఒక పొందిక నిలుపుకోవడం, ఈ ధోరణులన్నీ ఏకకాలంలో జీవితమంతా పనిచేస్తుంటాయనీ, వయసునిబట్టి ఒక్కోటి ముందుకొస్తుందనీ ఆమె చెప్పింది. ‘కుదించుకోవడం’ అన్నదాన్ని లెక్కలోకి తీసుకున్న సిద్ధాంతం నాకు అదే మొదటిది. అందరూ నిద్రపోయాక కిరసనాయిలు దీపం దగ్గర పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకునే మనిషి ఆకలి తీరాకే రాస్తోందా, ఎవరూ చూడకుండా రాసుకోవడంలో ఎంత భయం, ఎంత ఆనందం కలిసి ఉన్నాయి అన్న ప్రశ్నలకి త్రిభుజంలో చోటు లేదు. బ్యూలర్ దగ్గర ఉంది, బహుశా ఆమె ముందు డైరీలు చదివి తర్వాత సిద్ధాంతం రాసింది కాబట్టి. నా థీసిస్ నాలుగో అధ్యాయంలో మాస్లో బొమ్మ తీసేసి ఆమెని పెట్టాను. వైవాలో పరీక్షకులు “ఎవరండీ ఈ బ్యూలర్?” అని అడిగారు.