రోహిణి కార్తె, స్కైలాబ్, ఇంగ్లీషు పాఠం

1979 జులైలో తెలంగాణ పల్లెలు ఒక ఇంగ్లీషు మాట నేర్చుకున్నాయి. మాట చేరవేసింది రేడియో, బట్టీ పట్టించింది భయం. అమెరికా 1973 మే 14న పైకి పంపిన 77 టన్నుల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కక్ష్య తప్పి కిందికి జారుతోందని, ఏ ఊరి మీద పడుతుందో నాసాకే తెలియదని కబురు. ఎటూ పోయే ప్రాణమేనని మేకల్నీ కోళ్లనీ కోసుకుని దావత్‌లు చేసుకున్న ఊళ్ల ముచ్చట్లు పాతతరం వాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. చివరికి ఆ శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలాయి. అక్కడి ఎస్పరెన్స్ పట్టణం వాళ్లు చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. ఇక్కడేమో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. పాత కరీంనగర్ జిల్లాలోని బండలింగంపల్లి కథగా 2021లో ఆ పేరుతోనే సినిమా కూడా వచ్చింది.

ఆ తెలంగాణ పల్లెల్లోనే ఒకటి, హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద, సిద్దిపేటకు ముందు తగిలే ఊరు కుకునూరుపల్లి. స్కైలాబ్ నాటికి అది మెదక్ జిల్లా. ఈ ప్రాంతానికి ఆకాశం గురించిన ఇంగ్లీషు రావడం మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది. వచ్చిన దారే వంకరటింకర.

19వ శతాబ్దం తొలి సగంలో హైదరాబాద్‌లో పైగా ప్రభువుల వంశానికి చెందిన ఫక్రుద్దీన్ ఖాన్, అంటే రెండో షంసుల్ ఉమరా, ఇంగ్లీషు సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి దించే పని పెట్టుకున్నాడు. ఆరు శాస్త్రాల సంపుటం ‘సిత్తా షంసియా’లో ఒకటి ఖగోళం. అదే వంశానికి చెందిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల దుర్భిణి తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేశాడు. ఆయన పోయాక, 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని వాటాలు పంచుకుని ఫొటోలు తీస్తున్న కాలమది. హైదరాబాద్‌కూ ఒక వాటా వచ్చింది. ఏళ్ల తరబడి గాజుపలకల మీద చుక్కలను కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి సంపుటాలుగా అచ్చువేశారు. 1918 నుంచి ఆ పనిని నడిపినవాడు టి.పి. భాస్కరన్. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడ బోధన ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం తప్పనిసరి పాఠం. అలా క్లాసులో ఉర్దూ, నక్షత్రాల పట్టికలో ఇంగ్లీషు, పొలం గట్టు మీద తెలుగు. మూడూ ఒకే ఆకాశం గురించే అయినా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

 

పొలం గట్టు మీది తెలుగును బడి ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. నష్టం ఇంగ్లీషు పాఠానికే. ‘డాగ్ డేస్’ అనే ఇంగ్లీషు పలుకుబడినే చూడండి. మండు వేసవి రోజులని అర్థం. కుక్క ఎందుకొచ్చిందని అడిగితే చాలామంది ఇంగ్లీషు సార్లు తల గోక్కుంటారు. గ్రీకులు, రోమన్లు లుబ్ధకుడనే నక్షత్రాన్ని కుక్క చుక్క అన్నారు. అది సూర్యుడి వెలుగులో కలిసిపోయి, మళ్లీ తెల్లవారుజామున పొడిచే రోజుల్లో వాళ్ల దేశాల్లో ఎండలు మండేవి. సిద్దిపేట రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలోకి వస్తే రోళ్లు పగులుతాయని ఆయనకు తెలుసు. ఆ రెండు వారాలూ రోహిణి కూడా సూర్యుడి వెలుగులో కలిసిపోయి రాత్రి కనబడదు. చుక్కలు వేరు, లెక్క ఒకటే.

ఇంకోటి, ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’. ఎప్పుడో గానీ జరగనిదని భావం. ఒకే ఇంగ్లీషు నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని బ్లూ మూన్ అనడం, 1946లో ఒక అమెరికన్ పత్రిక చేసిన పొరపాటుతో స్థిరపడింది. ఇది సుమారు 19 ఏళ్లలో ఏడుసార్లు వస్తుంది. మన అధిక మాసం కూడా 19 ఏళ్లలో ఏడుసార్లే. చంద్రుడి నెలకూ సూర్యుడి ఏడాదికీ పొత్తు కుదరకపోవడమే రెండింటికీ మూలం. పంచాంగం తెలిసిన తాత ఉన్న పిల్లకు ఈ పలుకుబడి ఒక్కసారి చెబితే చాలు.

కుకునూరుపల్లిని కొత్త మండలంగా ప్రకటించిన 2022లోనే తెలంగాణ సర్కారు బడులన్నింటిలో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. అక్కడి ఇంగ్లీషు టీచర్లకు ఒక మనవి. జనవరిలో రాత్రి ఎనిమిదిన్నర దాటాక రోహిణి దాదాపు నడినెత్తిన ఎర్రగా కనిపిస్తుంది, ఇంగ్లీషులో దాని పేరు ఆల్డెబరాన్. దానికి ఆగ్నేయంగా, కాస్త కిందుగా తళతళలాడేది ఆ కుక్క చుక్కే. పిల్లల్ని వాళ్ల తాతలతో సహా మైదానానికి పిలిచి, ఆ పాఠం అక్కడే చెప్పండి.