మెట్టతామర నుంచి మాత్ర దాకా

మా అమ్మమ్మ పెరట్లో బావిగట్టు పక్కన మెట్టతామర చెట్టు ఉండేది. ఎవరికి తామర వచ్చినా దాని ఆకు నూరి, నిమ్మరసం కలిపి పట్టించేది. జబ్బు పేరే చెట్టుకు పెట్టుకున్నారంటే ఆ నమ్మకం ఎంత గట్టిదో చూడండి. తామరకు వాడే మరో మొక్క తగిరిసకు కూడా సంస్కృతంలో దద్రుఘ్నమని పేరు, దద్రువంటే తామరే.

తామరకు కారణం బూజు అని 1840లలో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ మైక్రోస్కోపు కింద చూపించాడు. 1939లో ఒక రకం పెనిసిలియం బూజు నుంచి తీసిన గ్రిసియోఫల్విన్, 1958 నుంచి మనుషులకు మాత్రగా అందింది. బూజుకు బూజే మందైంది.

అయినా మా ఇంట్లో తామర మూడుసార్లు తిరగబెట్టింది. మనవరాలి మెడ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి వలయం, అంచున పొలుసులు, మధ్యలో మామూలు చర్మం. చివరికి పశువుల డాక్టరుగారు మా పిల్లి వెంట్రుకలు పరీక్ష చేయించి, మూలం అక్కడుందన్నారు. పైకి దాని ఒంటి మీద ఒక్క మచ్చ లేదు! రాలిన వెంట్రుకల మీద బూజు బీజాలు ఏడాదికి పైగా బతకగలవు. పిల్లకీ పిల్లికీ ఒకేసారి వైద్యం చేయించాం. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికాం, మూలమూలలా వెంట్రుకలు ఏరి ఇల్లు తుడిచాం.

అమ్మమ్మ కూడా ఆకు నూరే ముందు పక్కబట్టలు ఉడకబెట్టేది. ఆ పని ఈనాటికీ వైద్యంలో సగం.