ప్లేగు నుంచి కోవిడ్ దాకా: అధికారమే తప్ప బాధ్యత తెలియని చట్టం

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించారు. రేవుకు ఆనుకుని, ధాన్యపు గిడ్డంగులతో, ఇరుకు ఇళ్లతో కిక్కిరిసిన పేట అది. నెలలు తిరక్కముందే లక్షలాది జనం నగరం విడిచి పారిపోయారు. వ్యాపారం స్తంభిస్తుందని, విదేశీ రేవులు భారతదేశపు నౌకలను అడ్డుకుంటాయని బ్రిటిష్ ప్రభుత్వం కలవరపడింది. ఆ కలవరంలోంచే 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం పుట్టింది.

ఆ చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. అవసరమని తోచిన ఏ చర్యనైనా ప్రభుత్వం తీసుకోవచ్చు. ఆదేశాలను ధిక్కరించినవారిని శిక్షించవచ్చు. చట్టం పేరిట సదుద్దేశంతో పనిచేసిన అధికారిపై దావా వేయడానికి వీల్లేదు. రోగికి వైద్యం అందించి తీరాలని గానీ, నిర్బంధంలో ఉంచిన కుటుంబానికి తిండి పెట్టాలని గానీ అందులో ఎక్కడా లేదు.

ఆ అధికారం ఆచరణలో ఎలా ఉంటుందో పుణె ప్రజలు మొదట చూశారు. ప్లేగు కమిటీకి అధ్యక్షుడైన ఐసీఎస్ అధికారి వాల్టర్ రాండ్, ఇళ్ల సోదాకు సైనికులను దింపాడు. సైనికులు వంటిళ్లలోకి, పూజగదుల్లోకి చొరబడ్డారు. సామాను తగలబెట్టారు. అనుమానం ఉన్నవారిని శిబిరాలకు తరలించారు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపారు. ఆయన కొద్ది రోజులకే మరణించాడు. కేసరి పత్రికలోని రాతలకుగాను తిలక్‌కు రాజద్రోహం కింద పద్దెనిమిది నెలల శిక్ష పడింది. జాతీయోద్యమ చరిత్రలో ఈ ఘట్టానికి దక్కవలసిన స్థానం దక్కింది.

అదే పుణెలో, అదే రోజుల్లో జరిగిన మరొక ప్రయత్నానికి మాత్రం అంత చోటు దొరకలేదు. నగర శివార్లలో, హడప్సర్ సమీపంలో సావిత్రీబాయి ఫూలే తన దత్తపుత్రుడు డాక్టర్ యశ్వంత్‌తో కలిసి ప్లేగు రోగుల కోసం చికిత్సాలయం తెరిపించారు. అప్పటికి ఆమె వయసు అరవై ఆరేళ్లు. ముంఢ్వా దగ్గరి మహర్ వాడలో జబ్బుపడిన ఒక పిల్లవాణ్ని ఆమె స్వయంగా మోసుకొచ్చారని చెబుతారు. ఆ సేవలోనే ప్లేగు సోకి 1897 మార్చి 10న కన్నుమూశారు. 1876-77 కరువు కాలంలో సత్యశోధక సమాజం తరఫున అన్నం పెట్టిన అనుభవం ఆమెకు ఉంది. ఎవరి ఇంటికి ఎవరూ వెళ్లరో ఆమెకు తెలుసు. రాండ్ సోదాలపై వెల్లువెత్తిన నిరసన ప్రధానంగా ఇంటి మర్యాద, మతాచారాల చుట్టూ తిరిగింది. వెలివాడలోని రోగికి మందు ఎవరిస్తారన్న ప్రశ్నను ఆమె తన పనితో ముందుకు తెచ్చారు.

బలప్రయోగం వ్యాధిని ఆపలేదు. జనం రోగులను, శవాలను సైతం దాచసాగారు. చివరికి ప్రభుత్వమే 1898 తర్వాత సోదాల తీవ్రతను తగ్గించి, స్థానిక పెద్దల సహకారం కోరవలసి వచ్చింది. ఈ లోగా చట్టం మాత్రం మారలేదు.

1918లో ఇన్‌ఫ్లూయెంజా వచ్చినప్పుడు వానలు కూడా ముఖం చాటేశాయి. ధరలు మండిపోయాయి. దేశంలో కోటి మందికి పైగా మరణించారు. 1911-21 దశాబ్దంలో భారత జనాభా పెరగకపోగా తగ్గింది. ఆ ఏడాది బొంబాయి ఆరోగ్యాధికారి నివేదికలోని లెక్కలు నేటికీ కలవరపెడతాయి. వెయ్యి మందికి ఐరోపావాసుల్లో 8.3, పార్సీలలో 9 మరణాలు నమోదు కాగా, నిమ్న కులాల హిందువులుగా లెక్కించినవారిలో 61.6 నమోదయ్యాయి. ఇరుకు గది, చాలని తిండి, అందని వైద్యుడు ఆ తేడాకు కారణాలు.

డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం నిరాకరించకూడదని 1946లో భోర్ కమిటీ సిఫారసు చేసింది. స్వతంత్ర భారతం ఆ సూత్రాన్ని గౌరవించింది గానీ, అంటువ్యాధుల చట్టంలోకి తీసుకురాలేదు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా అనేక రాష్ట్రాలు 1897 చట్టం కిందే నిబంధనలు జారీ చేశాయి. విపత్తు నిర్వహణ చట్టం తోడుగా, నాలుగు గంటల వ్యవధిలో దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. కూలి పోయిన వలస కార్మికులు వందల మైళ్లు నడిచారు. వారిలో ఎందరు చనిపోయారని ఆ ఏడాది సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, లెక్కలు లేవని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది.

అదే ముంబయిలో, రెండున్నర చదరపు కిలోమీటర్లలో లక్షలాది మంది నివసించే ధారావిలో, మరో దారి కనిపించింది. అక్కడ ఒక మరుగుదొడ్డిని పదుల మంది పంచుకుంటారు. భౌతిక దూరం అన్న మాటకు అర్థం లేదు. పురపాలక సిబ్బంది, బస్తీలోని ప్రైవేటు వైద్యులు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఇంటింటికీ వెళ్లి పరీక్షించారు. బడులను క్వారంటైన్ కేంద్రాలుగా మార్చి భోజనం పెట్టారు. నమ్మకం కుదిరాక రోగాన్ని దాచవలసిన అవసరం జనానికి తగ్గింది. 2020 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి ధారావిని ఉదాహరణగా ప్రస్తావించారు. పల్లెల్లో ఈ పని చేసిన ఆశా కార్యకర్తలకు 2022లో అదే సంస్థ పురస్కారం ఇచ్చింది. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం వారు నేటికీ ఉద్యోగులు కారు, పారితోషికం పుచ్చుకునే స్వచ్ఛంద కార్యకర్తలే.

2020లో చట్టాన్ని సవరించినప్పుడు వైద్య సిబ్బందిపై దాడులకు ఏడేళ్ల దాకా జైలుశిక్ష చేర్చారు. అది అవసరమే. పౌరుడి హక్కు గురించి ఒక్క వాక్యం కూడా చేరలేదు. ఈ చట్టాన్ని సమగ్రంగా మార్చాలని 2024లో లా కమిషన్ తన 286వ నివేదికలో సూచించింది. ఆ మార్పు అధికారాల పంపిణీతో ఆగిపోతే ప్రయోజనం లేదు. నిర్బంధంలో ఉన్నవారికి తిండి, కూలి, ఉచిత వైద్యం హక్కుగా రావాలి. నిర్ణయాల్లో బస్తీకి, గ్రామానికి చోటుండాలి. ఆశా కార్యకర్తకు వేతనం ఉండాలి.

మరణాల లెక్కలు కూడా కులం, వర్గం, ప్రాంతం వారీగా ప్రజల ముందుకు రావాలి. వెయ్యికి 61.6 మంది అని నేడు చెప్పగలుగుతున్నామంటే, వలస పాలనలో ఒక పురపాలక అధికారి ఆ లెక్క రాసిపెట్టడం వల్లనే. కోవిడ్ మరణాలపై అటువంటి కులవారీ పట్టికను స్వతంత్ర భారత ప్రభుత్వం ప్రచురించలేదు. వందేళ్ల తర్వాత ఈ కాలపు చరిత్ర రాయబోయేవారికి ఆ పేజీ ఖాళీగానే దొరుకుతుంది.