మద్రాసు కాలము
భూగోళము 360 డిగ్రీల భ్రమణమును 24 గంటలలో ముగించును గావున, డిగ్రీ ఒక్కింటికి 4 నిమిషముల చొప్పున తూర్పు ఊళ్లకు ముందుగను, పడమటి ఊళ్లకు వెనుకగను మధ్యాహ్నమగుట ప్రకృతిసిద్ధము. విశాఖపట్టణమున సూర్యుడు నడినెత్తికి వచ్చిన సుమారు 19 నిమిషములకు గాని హైదరాబాదున మిట్టమధ్యాహ్నము కాదు. ఎద్దుబండ్లనాడు ఎవ్వరికిని పట్టని ఈ భేదము పొగబండియు, తంతివార్తయు వచ్చిన పిదప పెనుచిక్కైనది.

గ్రీనిచ్ కాలముకన్న కలకత్తా 5 గంటల 53 నిమిషములును, బొంబాయి 4 గంటల 51 నిమిషములును ముందుండగా, నడుమనున్న మద్రాసు తన 80¼ డిగ్రీల రేఖాంశముచేత 5 గంటల 21 నిమిషములు ముందుండి, రైలుమార్గములకు మధ్యస్థకాలము నొసగెను. ఆ రేఖాంశమును, బృహస్పతి ఉపగ్రహముల గ్రహణములను ఓపికతో పరిశీలించి, ఖగోళజ్ఞుడైన గోల్డింగ్‌హాము దొర గణించినది ఈస్టిండియా కంపెనీవారు 1792లో నుంగంబాకమున నెలకొల్పిన నక్షత్రశాలయందే. అచ్చట దూరదర్శినిని మోసిన రాతిస్తంభముపై లాటినుతోపాటు తమిళమును, మన తెలుగును చెక్కబడియున్నవి.

1906 జనవరి 1 మొదలు ఈ మద్రాసు కాలమునకు మారుగా 82½ డిగ్రీల రేఖాంశము ప్రమాణమై, గ్రీనిచ్ కాలముకన్న 5½ గంటల ఆధిక్యము దేశమంతటికి నిర్ణయమైనది. ఆ రేఖ కాకినాడకును తునికిని నడుమ మన తీరమును దాటుచున్నది. అయినను కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ తమ కాలములను విడువలేదు.