వ్యాసం

పరీక్షలో 'వ్యాసం రాయండి' అని కనబడితే చాలు, పిల్లలు అడిషనల్ షీట్లు అడుగుతారు. మాట పుట్టుక చూస్తే వాళ్ల తప్పేం లేదు. సంస్కృతంలో వ్యాసమంటే విడదీసి పరచడం, విస్తరించడం. వేదాలను విభజించినాయన వ్యాసుడయ్యాడు. వృత్తాన్ని కేంద్రం మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలిచే గీతా వ్యాసమే. దీనికి ఎదురుమాట సమాసం: కలిపి కుదించడం.

అయితే తెలుగులో ఈ ప్రక్రియకు ఆ పేరు మొదట్నుంచీ లేదు. సామినేని ముద్దునరసింహం నాయుడు 1862లో అచ్చయిన 'హితసూచని'లో తన రచనలను ప్రమేయాలన్నారు. కందుకూరి వీరేశలింగం ఉపన్యాసాలన్నారు. ఆ మాట తర్వాత వేదికెక్కి మైకు ముందు స్థిరపడింది. హిందీ, బెంగాలీల్లోనైతే ఏకంగా నవలైపోయింది!

ఫ్రాన్సులో మోంటేన్ 1580లో తన పుస్తకానికి 'ప్రయత్నాలు' అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు. ఇంగ్లీషు 'ఎస్సే' అక్కణ్నుంచి వచ్చిందే. తనకు తేలని సంగతిని తేల్చుకోవడానికి అతను రాశాడు. మన తరగతుల్లో ముందే తేలిపోయినదాన్ని ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అంటూ పరిచి రాయిస్తాం. తెలుగు మాస్టార్లూ, ముగింపు లేని వ్యాసానికి ఒక్కసారి మార్కులు వేసి చూడండి.