తెలుగు నేరహాస్య చిత్రాలు: కథనశిల్పం, చలనచిత్రశిల్పం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
నేరం, హాస్యం ఒకే కథలో కలిసిన తెలుగు చిత్రాలలో నవ్వు ఎక్కడ పుడుతుంది, అందుకు ఏ కథన పద్ధతులు తోడ్పడ్డాయి అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ‘క్షణ క్షణం’ (1991), ‘మనీ’ (1993) చిత్రాలను ప్రధానంగా తీసుకొని, వాటికి పూర్వరంగంగా ‘కన్యాశుల్కం’ నాటకాన్ని, కొనసాగింపుగా 2013 తర్వాతి చిత్రాలను పరిశీలించడం జరిగింది. సీలేరు వంటి ఏజెన్సీ ప్రాంతం దృష్ట్యా ఈ హాస్యానికి ఉన్న హద్దును కూడా చర్చించడమైనది.

కీలకపదాలు: నేరహాస్యం, కథనం, ప్రేక్షకజ్ఞానం, కూర్పు, సీలేరు.

1. ప్రవేశిక:
తెలుగు సినిమాలో చాలాకాలం హాస్యం ప్రధానకథకు పక్కన నడిచే ఉపకథగా ఉండేది. హాస్యనటుల జంటకు కొన్ని సన్నివేశాలు, ఒక పాట కేటాయించేవారు. వాటిని తొలగించినా కథకు పెద్దగా లోటు వచ్చేది కాదు. నేరహాస్య చిత్రంలో ఈ విభజన చెల్లదు. ఇక్కడ నవ్వు పుట్టేది నేరం దారితప్పడంలోనే. కాబట్టి హాస్యాన్ని తొలగిస్తే కథ నిలవదు. ఈ మార్పు 1990ల తొలినాళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది.

2. పూర్వరంగం:
ఈ ధోరణి హాలీవుడ్ నుంచి వచ్చిందన్న అభిప్రాయంలో కొంత నిజం ఉంది. అయితే దీని మూలసూత్రం తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ (1897, పరివర్ధిత ముద్రణ 1909) నాటకంలో కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు భార్య అవుతాడు. ఆ ‘పెళ్లికూతురు’ మాయం కాగానే అవధాన్లు మీద హత్యానేరం పడుతుంది. లేని మనిషిని చంపిన కేసు అది. పాత్రలకు తెలియనిది ప్రేక్షకుడికి తెలుసు. కోర్టు గంభీరంగా సాగుతున్నకొద్దీ నవ్వు పెరుగుతుంది. అదే సమయంలో అవధాన్లు నిజంగా శిక్షకు గురవుతాడేమోనన్న భయమూ ఉంటుంది. ఎవరికి ఎంత తెలుసు అనే ఈ జ్ఞానవిభజనే నేరహాస్యానికి పునాది.

3. ‘క్షణ క్షణం’ – వస్తువు చుట్టూ కథనం:
‘శివ’ (1989) ద్వారా హింసను వాస్తవికంగా చూపిన రామ్‌గోపాల్ వర్మ, ‘క్షణ క్షణం’లో అదే నేరలోకాన్ని హాస్యదృష్టితో చూపారు. బ్యాంకులో దోచిన డబ్బు జాడ తెలిపే చిన్న కాగితం అనుకోకుండా సత్య (శ్రీదేవి) చేతికి చేరుతుంది. చిల్లర దొంగ చందు (వెంకటేష్) ఆమెకు తోడవుతాడు. దొంగల నాయకుడు నాయర్ (పరేష్ రావల్), పోలీసులు వారిని వెంటాడతారు.

ఇక్కడ కథను నడిపేది పాత్రల ఆశయం కాదు, ఒక వస్తువు. దాని విలువ తెలిసినవారి దగ్గర అది ఉండదు. ఎవరి దగ్గర ఉందో వారికి విలువ తెలియదు. తాను హత్య చేశానన్న భయంతో సత్య పరుగెత్తుతుంది. ఆ భయం ఆమెకు నిజం. ప్రేక్షకుడికి మాత్రం అది ఉత్కంఠ, వినోదం రెండూ. వేటాడేవారిని, పారిపోయేవారిని మార్చిమార్చి చూపే సమాంతర కూర్పు వల్ల ఈ రెండు భావాలూ పక్కపక్కనే నిలుస్తాయి. శ్రీదేవి అమాయకత్వాన్ని అతిశయంగా, పరేష్ రావల్ క్రౌర్యాన్ని నింపాదిగా అభినయించడం ఆ వైరుధ్యాన్ని మరింత పెంచింది.

4. ‘మనీ’ – కోరిక తలకిందులు కావడం:
‘శివ’కు వర్మ వద్ద పనిచేసిన శివనాగేశ్వరరావు దర్శకుడిగా తీసిన తొలి చిత్రం ‘మనీ’. వర్మ దీనికి నిర్మాత. దీని కథాబీజం ‘రూత్‌లెస్ పీపుల్’ (1986) అనే అమెరికన్ చిత్రంలో కనిపిస్తుంది. అపహరణకు గురైన వ్యక్తే అపహర్తలకు భారం కావడం అంతకుముందే ఓ.హెన్రీ 1907లో ప్రచురించిన ‘ది రాన్సమ్ ఆఫ్ రెడ్ చీఫ్’ కథలో ఉంది.

డబ్బు అవసరమైన ఇద్దరు యువకులు (జె.డి.చక్రవర్తి, చిన్నా) ఒక ధనికుడి భార్యను (జయసుధ) అపహరిస్తారు. భార్య అడ్డు తొలగాలని కోరుకుంటున్న భర్తకు (పరేష్ రావల్) అది శుభవార్త. బెదిరింపు పనిచేయాలంటే ఎదుటివాడికి పోగొట్టుకోవడానికి ఇష్టంలేనిది ఏదో ఉండాలి. అది లేనప్పుడు బెదిరించేవాడే నిస్సహాయుడు. ఈ ఒక్క తర్కం నుంచే చిత్రంలోని హాస్యమంతా పుడుతుంది. ఖాన్‌దాదా పాత్రకు బ్రహ్మానందాన్ని ఎంపిక చేయడం మరో కీలక పద్ధతి. రౌడీ దర్పం యథాతథంగా ఉంటుంది. ఆ దర్పాన్ని మోసే దేహం, స్వరం మాత్రం హాస్యనటుడివి. పాత్ర తనను తాను పూర్తి గంభీరంగా తీసుకోవడం వల్లనే నవ్వు వస్తుంది.

‘మనీ’ విమర్శ కుటుంబం మీద కూడా. ఇద్దరు నిరుద్యోగుల నేరం చట్టానికి కనిపిస్తుంది. ఇంటి లోపల భర్త తలపెట్టిన నేరం మర్యాద ముసుగులో ఉంటుంది. నవ్విస్తూనే చిత్రం ఈ రెండింటినీ తూకం వేస్తుంది.

5. తర్వాతి పరిణామం:
సుధీర్ వర్మ ‘స్వామి రారా’ (2013) చేతులు మారే విగ్రహం చుట్టూ తిరుగుతుంది. రితేష్ రానా ‘మత్తు వదలరా’ (2019) చాలని జీతంతో నెట్టుకొచ్చే డెలివరీ కుర్రాడి చిన్న మోసం నుంచి మొదలై పెద్ద నేరంలోకి వెళుతుంది. వస్తువు, అవసరం అనే పాత సూత్రాలే కొత్త ఉపాధి పరిస్థితుల్లోకి వచ్చాయి.

6. సీలేరు దృష్ట్యా హాస్యానికి హద్దు:
‘క్షణ క్షణం’లో అడవి నగరవాసులు దాక్కునే చోటు. నేరం నగరం నుంచి వస్తుంది, అడవి దానికి రంగస్థలం. తూర్పుకనుమల్లో జలవిద్యుత్ కేంద్రం వల్ల పేరుపొందిన సీలేరు వంటి ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ప్రాంతం నుంచి చూస్తే ఈ చిత్రణ అసంపూర్ణం. గంజాయి రవాణా సాగే ఈ కొండల్లో మూట మోసేవాడు ఒకడు, లాభం పొందేవాడు మరొకడు. దొరికేది ఎక్కువగా మోసేవాడే. క్రిష్ దర్శకత్వంలో వచ్చిన ‘ఘాటి’ (2025) ఈ రవాణానే కథావస్తువుగా తీసుకొంది. అయితే దాన్ని హాస్యంగా గాక గంభీరంగా చెప్పింది. నష్టపోయేవాడు ధనికుడో, బ్యాంకో అయినప్పుడు నేరం నవ్విస్తుంది. కూలికోసం మూట ఎత్తుకున్నవాడు జైలుకెళ్లేటప్పుడు ఆ నవ్వుకు చోటుండదు.

7. ముగింపు:
• నేరహాస్యంలో నవ్వు సంభాషణకన్నా జ్ఞానవిభజన మీద ఎక్కువగా ఆధారపడుతుంది.
• ఈ సూత్రం ‘కన్యాశుల్కం’లోనే పరిణతి పొందింది. సినిమా దానికి కూర్పు, అభినయవైరుధ్యం వంటి సాధనాలను జోడించింది.
• హాస్యం ఉపకథ స్థాయి నుంచి కథానిర్మాణంలోకి రావడానికి ‘క్షణ క్షణం’, ‘మనీ’ చిత్రాలు దోహదం చేశాయి.
• ఎవరి నేరాన్ని చూసి నవ్వగలుగుతున్నాం అన్న ప్రశ్న సామాజికమైనది. అడవిని నేపథ్యంగా కాక నివాసంగా చూసే కథలు వచ్చినప్పుడు ఈ ప్రక్రియ పరిధి విస్తరిస్తుంది.